సంతకం పెట్టినవాడే ముందెక్కాలి

కంపెనీ ఆఫీసు, మూడో అంతస్తు
ఫిబ్రవరి 3

గౌరవనీయులైన బావగారికి,

మీ బావమరిది నమస్కరించి రాసేది. అక్క మా ఇంట్లో కులాసాగా ఉంది. మోకాలి కుట్లు విప్పి పది రోజులైంది. చేతికర్ర పట్టుకుని వంటింటి దాకా నడుస్తోంది, మా ఆవిడ కూరలు తరిగే పద్ధతికి రోజుకో వంక పెడుతోంది. అంటే కోలుకుంటున్నట్టే లెక్క.

ఫోను చేస్తే "నీ గొంతుకి తేనె పూసి ఉంటుంది, కాగితం మీద రాసి పంపు, తేనె ఆరిపోయాక మిగిలింది చదువుకుంటాను" అని పెట్టేశారు. మీ మాట కాదనలేక రాస్తున్నాను.

బావగారూ, ఇరవై ఆరేళ్ళుగా లిఫ్టులు బిగిస్తున్న మీ ముందు నేనెంత? నిన్న మీటింగులో మా పెద్దాయన అందరి ముందూ అన్న మాట ఇది: "ఆ మేస్త్రి సంతకం ఉంటే ఆ లిఫ్టు గురించి నేనింక ఆలోచించను." కంపెనీ యజమాని నోట అలాంటి మాట రావడం నేను ఇన్నేళ్ళలో వినలేదు. నా ఛాతీ ఉబ్బిందంటే నమ్మండి.

మన కంపెనీ కట్టిన ఆ ఆరంతస్తుల ఆసుపత్రికి గోడలయ్యాయి, మంచాలొచ్చాయి, పరుపులొచ్చాయి. మార్చి ఇరవైన ప్రారంభం. లిఫ్టు క్షేమంగా ఉందని మీరు పెట్టాల్సిన సంతకం ఒక్కటే తక్కువ. అది లేకపోతే లైసెన్సు రాదు, లైసెన్సు లేకపోతే తలుపు తెరవరు. రోగులు ఎదురు చూస్తున్నారు బావగారూ.

గత నెల నేను మూడు రోజులు ఒప్పించే కళ మీద శిక్షణకి వెళ్ళొచ్చిన సంగతి అక్క చెప్పే ఉంటుంది. అక్కడ మొదట నేర్పింది, ఎదుటివారి మాట చివరిదాకా వినమని. అందుకే వినయంగా అడుగుతున్నాను. మీ మనసులో ఉన్న అనుమానమేమిటో చెప్పండి, ఇద్దరం కలిసి తీర్చుకుందాం.

విడిగా ఒక చిన్న పార్శిల్ పంపుతున్నాను. మీరు ఆరో అంతస్తు పైనున్న ఆ మోటారు గదిలో పాత చెప్పులతో తిరుగుతున్నారని అక్క బాధపడింది. తోలు బూట్లు. దీనికీ సంతకానికీ ఏ సంబంధమూ లేదు.

మీ ఆశీస్సులు కోరే
బావమరిది


కొత్త ఆసుపత్రి, మోటారు గది
ఫిబ్రవరి 8

ఒరేయ్ బావమరిదీ,

పదిహేడేళ్ళుగా "బావా, నువ్వు" అంటూ నా కంచంలోంచి తిన్నవాడివి, ఉన్నట్టుండి "గౌరవనీయులైన బావగారు" అన్నావు. కవరు తిప్పి చూసుకున్నాను, ఎవరికో రావాల్సింది నాకిచ్చారేమోనని. మూడు రోజుల శిక్షణలో నీకు నేర్పింది "గారు" ఒక్కటేనా, ఇంకేమైనా ఉందా?

బూట్లు బాగున్నాయి. నాది తొమ్మిదో నంబరని మీ అక్కనడిగి కనుక్కున్నావన్నమాట. కుడిది ఉంచుకున్నాను, ఎడమది తిరిగి పంపుతున్నాను. సగం ఒప్పుకున్నాడని పెద్దాయనకి చెప్పుకో.

అనుమానమేమిటని అడిగావు. నాకు అనుమానం లేదు, అదే ఇక్కడ చిక్కు. విను. లిఫ్టుని నడిపే మోటారు పక్కన గేరు పెట్టె ఉంటుంది, దాన్నిండా నూనె ఉంటుంది. ఆ నూనె బయటికి రాకుండా ఒక రబ్బరు సీలు వేస్తారు. ఆ సీలు చీలింది. నూనె చుక్కచుక్కగా బ్రేకు మీదికి వస్తోంది. పొద్దున్నే గుడ్డతో తుడిస్తే పది పన్నెండు సార్లు బుద్ధిగా ఆగుతుంది. ఒకరిద్దరు ఎక్కినా ఏమీ కాదు. కానీ నిండా బరువేసి తిప్పుతూ పోతే బ్రేకు వేడెక్కుతుంది, నూనె పరుచుకుంటుంది, ఆగాల్సిన చోట ఆగదు.

ఇసుక బస్తాలు వేసి చూశాను. పదిహేడోసారి అంగుళం జారింది. పద్దెనిమిదోసారి నాలుగు వేళ్ళు. ఇరవయ్యోసారి జానెడు. ఇరవై ఒకటోసారి చూడలేదు. బస్తాలకి ప్రాణం లేదుగానీ అవి వెళ్ళి పడే చోట కింద మనుషులు పని చేస్తున్నారు.

కొత్త సీలూ బ్రేకు పట్టీలూ రావడానికి ఆరు వారాలు, బిగించి పరీక్ష చెయ్యడానికి ఒక వారం. ఈ సంగతి మీ ఆఫీసుకి రెండుసార్లు రాశాను. జవాబుగా నీ ఉత్తరం వచ్చింది. గోటితో పోయేదానికి గొడ్డలి తెచ్చుకోవడమంటే ఇదే.

నాకు పని నేర్పిన ముసలాయన దగ్గర నేను చదువుకున్నది ఒక్క ముక్క. సంతకం పెట్టినవాడే ముందెక్కాలి. నిండా బరువేసుకుని, పై అంతస్తు నించి, ఒక్కడే. ఆయన పెట్టిన ప్రతి సంతకానికీ అలాగే ఎక్కాడు, నేనూ అంతే. నీ శిక్షణలో ఇలాంటిది ఉంటే చెప్పు, నేర్చుకుంటాను.

నిన్న గదులు తుడిచే ఆవిడ వచ్చి, "సాయంత్రం మేం పదిమందిమీ దీంట్లో దిగిపోవచ్చా?" అంది. "వద్దమ్మా" అన్నాను. సరేనని బకెట్టు తీసుకుని మెట్ల వైపు వెళ్ళిపోయింది. ఆవిడ ఏ శిక్షణకీ వెళ్ళలేదు, నేనూ వెళ్ళలేదు. అర నిమిషంలో పనైపోయింది.

మీ అక్కని రోజూ మెట్లెక్కించకు. వంకలు పెడుతోందంటే నాకు నిశ్చింతగా ఉంది.

బావ


కంపెనీ ఆఫీసు, మూడో అంతస్తు
ఫిబ్రవరి 14

బావగారికి,

ఎడమ బూటు అందింది. ఆఫీసులో అందరి ముందూ విప్పాను. నవ్వు ఆపుకోలేక గుమాస్తా బయటికెళ్ళాడు. మీకు సంతోషమేగా.

మీరు రాసింది నేను తేలిగ్గా తీసుకోలేదు. మొన్న ఇద్దరు ఇంజనీర్లని వెంటబెట్టుకుని పెద్దాయన అక్కడికి వచ్చారు కదా. పొద్దున తొమ్మిదింటికి. మూడుసార్లు ఎక్కారు, మూడుసార్లు దిగారు. గీత గీసినట్టు ఆగింది. ఇంజనీర్లు బాగుందన్నారు. పోయిన ఏడాది మన కంపెనీ పదకొండు లిఫ్టులు పెట్టింది, పదకొండుమంది మేస్త్రీలు సంతకాలు పెట్టారు. ఎవరికీ కనపడని లోపం మీ ఒక్కరికే కనపడుతోందంటే నేనేమనుకోవాలి? తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళంటే ఎలా?

పైగా తేదీ మారదు. ముఖ్య అతిథిగా వస్తున్న పెద్ద డాక్టరు, రేపు ఈ ఆసుపత్రిని నడపబోయేది ఆయనే, ఆ ఒక్క రోజే ఖాళీ. కార్డులు పంచేశాం. సంతకం పెట్టండి, సీలు తర్వాత మార్చుకోవచ్చు. పెద్దాయన నాకు మాటిచ్చారు.

ఇంకో మంచి కబురు. అక్క రెండో మోకాలికి కూడా ఆపరేషన్ కావాలని డాక్టర్లు అన్నారు. అది ఆ ఆసుపత్రిలోనే, పైసా ఖర్చు లేకుండా జరిగేలా మాట్లాడాను. ఐదో అంతస్తులో కిటికీ ఉన్న గది. ప్రారంభం రోజున మొట్టమొదటి రోగిగా అక్కని చక్రాల కుర్చీలో తీసుకెళ్తాం. ఫోటో పేపర్లో వస్తుంది. సొంత భార్య ఎక్కబోయే లిఫ్టుకి మీరు సంతకం పెట్టరంటే నలుగురూ ఏమనుకుంటారో ఆలోచించండి.

కింద నాలుగు ముక్కలు అక్క రాస్తానంటే కాగితం ఇచ్చాను.

బావమరిది

ఏమండీ, నన్ను మధ్యలోకి లాగొద్దని ఇద్దరికీ చెప్తున్నాను. వీడు రోజూ అద్దం ముందు నిలబడి చేతులు తిప్పుతూ మాట్లాడుకుంటున్నాడు, చూడ్డానికి భయంగా ఉంది. రాత్రిళ్ళు చన్నీళ్ళతో స్నానం చెయ్యకండి.


కొత్త ఆసుపత్రి, మోటారు గది
ఫిబ్రవరి 18

బావమరిదీ,

నీ శిక్షణలో ఏం చెప్పారో నాకు తెలీదుగానీ మన పెద్దవాళ్ళు దాన్ని నాలుగు మాటల్లో తేల్చేశారు. సామం, దానం, భేదం, దండం. "గారు" అన్నావు, సామం అయింది. బూట్లు పంపావు, దానమైంది. ఇప్పుడు మీ అక్కని ఐదో అంతస్తులో పడుకోబెట్టి నా మీదికి తోస్తున్నావు. వరస తప్పకుండా వస్తున్నావు, నీకు పాఠం చెప్పినవాళ్ళు నిన్ను చూసి మురిసిపోవాలి. నాలుగోది ఎప్పుడొస్తుందో ఆ తేదీ కూడా చెప్పేస్తే నా పని నేను చూసుకుంటాను.

పొద్దున తొమ్మిదింటికి మూడుసార్లు ఎక్కి బాగుందన్న ఇంజనీర్ల గురించి రాశావు. నిద్ర లేచిన తాగుబోతుని చూసి వీడికి తాగుడే తెలీదన్నట్టుంది. ఇరవయ్యోసారి చూడమన్నాను. ఇరవయ్యోసారి చూడ్డానికి ఎవరికీ తీరికలేదు.

పదకొండుమంది పెట్టారన్నావు. పదకొండుమందీ ముందెక్కారా అని అడిగావా?

మీ అక్క సంగతి. ఆవిణ్ణి రావద్దని నేను రాయను. ఏమైందో నీకు రాసినట్టే ఆవిడకీ రాశాను, అంగుళం, నాలుగు వేళ్ళు, జానెడు అన్నీ. ఏం చెయ్యాలో ఆవిడే చూసుకుంటుంది. ఆవిడ కాలుని ఎరగా వాడినందుకు మాత్రం నీ మీద నాకు చాలా కోపంగా ఉంది. ఈ మాట దాచుకోను.

లైసెన్సు కార్యాలయానికి కూడా కాగితం పెట్టాను. ముప్ఫై రోజుల్లో చూస్తామని రసీదు ఇచ్చారు. ఆ ముప్ఫై రోజులు ప్రారంభం లోపల పూర్తవుతాయో లేదో దేవుడికే తెలియాలి.

ఒక్కసారి నువ్వే రా. మాటలు వద్దు, మధ్యాహ్నం పూట వచ్చి చూసి వెళ్ళు.

బావ


కంపెనీ ఆఫీసు, మూడో అంతస్తు
ఫిబ్రవరి 27

బావగారికి,

మీరు రమ్మన్నారని నిన్న వచ్చాను. నాలుగు గంటలు బస్సులో కూర్చుని వచ్చాను. గంటసేపు మాట్లాడాను. ఆ లిఫ్టు తయారుచేసిన కంపెనీ ఎంత పెద్దదో చెప్పాను, ఎన్ని దేశాల్లో ఎన్ని వేల లిఫ్టులు తిరుగుతున్నాయో చెప్పాను, ఆసుపత్రి ఆలస్యమైతే ఎంతమంది రోగులు నష్టపోతారో చెప్పాను. మీరు బెల్లం కొట్టిన రాయిలా కూర్చుని గుడ్డతో చేతులు తుడుచుకుంటూ విన్నారు. నేను ముగించాక "ఇంకో గ్లాసు నీళ్ళు కావాలా?" అని అడిగారు. నా జీవితంలో ఇంత అవమానం జరగలేదు.

బస్తాలు వేసి చూపిస్తానన్నారు. అప్పటికే నాకు బస్సు టైమైంది. అయినా నేను లిఫ్టులు చూడ్డానికి రాలేదు, మీతో మాట్లాడ్డానికి వచ్చాను.

నిజం చెప్పాలంటే మీకు లిఫ్టు మీద అనుమానం లేదు, మా మీద చులకన. కుర్చీలో కూర్చుని మాట్లాడి బతికేవాళ్ళంటే మీకు మొదటి నించీ లెక్కలేదు. స్పానరు పట్టినవాడే మనిషని మీ ఉద్దేశం. నా పెళ్ళిలో కూడా అందరి ముందూ "మా బావమరిది గాలి అమ్ముకుంటాడు" అన్నారు. మర్చిపోయాననుకున్నారా?

మార్చి ఐదు దాకా గడువు. ఆ లోపల సంతకం రాకపోతే పెద్దాయన ఇంకో లైసెన్సు మేస్త్రిని పిలిపిస్తారు, మిమ్మల్ని పనిలోంచి తీసేస్తారు. నేను అడ్డుపడను. అడ్డుపడాల్సినంత అడ్డుపడ్డాను.

బావమరిది


కొత్త ఆసుపత్రి, మోటారు గది
మార్చి 2

బావమరిదీ,

నాలుగోది వచ్చేసింది. మంచిది, ఇక ఎదురుచూడక్కర్లేదు.

గాలి అమ్ముకుంటాడని అన్నాను, నిజమే. అది నీ పెళ్ళిలో అని ఉండాల్సింది కాదు. ఆ ఒక్కదానికీ తప్పు నాదే.

ఇప్పుడు నువ్వు వచ్చిన రోజు సంగతి చెప్తాను. నువ్వు మాట్లాడిన గంట గురించి రాశావుగానీ దానికి ముందు పావుగంట గురించి రాయలేదు.

మధ్యాహ్నం మూడింటికి నువ్వు మోటారు గది తలుపు తట్టావు. చొక్కా వీపుకి అతుక్కుపోయి ఉంది. గోడకి చెయ్యి ఆనించి నిలబడ్డావు. మాట రాలేదు. నీళ్ళిచ్చాను. రెండు గ్లాసులు తాగాక మాటొచ్చింది. అప్పుడు మొదలుపెట్టావు, ఆ లిఫ్టు అంత గొప్పది ఇంకోటి లేదని.

కింద లిఫ్టు తలుపు తెరిచే ఉంది. లోపల దీపం వెలుగుతోంది. వాచ్‌మన్ "ఎక్కండి సార్" అన్నాడట. నువ్వు "పర్లేదులే" అని మెట్ల వైపు తిరిగావట. ఒక్క మనిషి పైకొస్తే ఏమీ కాదని నీకు ముందే రాశాను. నిన్ను ఎవరూ చూడ్డం లేదు. అద్దం కూడా లేదు అక్కడ. నీ అంతట నువ్వే నూట ముప్ఫై రెండు మెట్లు ఎక్కి వచ్చి, లిఫ్టు భేషుగ్గా ఉందని నాకు గంటసేపు నచ్చజెప్పావు.

ఎక్కేటప్పుడంటే ఏదో ధ్యాసలో ఉన్నావనుకుందాం. వెళ్ళేటప్పుడు కూడా మెట్లే దిగావు. బస్సు టైమైపోయిందని పరిగెత్తుతూ, ఒక్కో మెట్టూ దిగావు. నేను పైనుంచి వంగి చూస్తూనే ఉన్నాను.

నిన్ను ఒప్పించాలని నేనొక్క ముక్క కూడా రాయలేదు. సీలు చీలింది, ఇన్నిసార్లకి ఇంత జారింది అని రాశానంతే. నీ నోరు దాన్ని నమ్మలేదు. నీ కాళ్ళు నమ్మాయి. నేను నీ కాళ్ళ మాటే వింటాను.

సంతకం పెట్టను. ఉద్యోగం తీసుకోండి.

బావ


కంపెనీ ఆఫీసు, మూడో అంతస్తు
మార్చి 8

బావగారికి,

నన్ను రోజూ నడవమని డాక్టరు చెప్పాడు. అందుకే మెట్లెక్కాను. దానికి ఇంత పురాణం అక్కర్లేదు.

మిమ్మల్ని పనిలోంచి తీసేసిన ఉత్తరం దీంతో పాటే జతచేశాను. అది నేను రాయలేదు, చేరవెయ్యడమే నా పని. మోటారు గది తాళాలు వాచ్‌మన్‌కి ఇచ్చెయ్యండి. కొత్త మేస్త్రి నిన్న వచ్చాడు, గంటలో సంతకం పెట్టి వెళ్ళాడు. నవ్వుతూ పెట్టాడు. ఒక్క బస్తా కూడా అడగలేదు. ఆ సంతకం మీదే లైసెన్సు వచ్చేస్తుంది.

ముందెక్కాడా అని మీరు అడుగుతారని తెలుసు. ఆఫీసు బల్ల మీదే పెట్టాడు. చాలా?

ఇరవయ్యో తేదీన అక్క వస్తోంది. మీ ఉత్తరం చదివింది, మడిచి తలగడ కింద పెట్టుకుంది, వస్తానంది. నేను బలవంతపెట్టలేదు.

బావమరిది


వాచ్‌మన్ గది
మార్చి 12

బావమరిదీ,

తాళాలు ఇచ్చేశాను. వాచ్‌మన్ తన గదిలో ఓ మూల నాకు చోటిచ్చాడు, ఇరవై దాకా ఇక్కడే ఉంటాను. నన్ను గేటు దాటి లోపలికి రానివ్వొద్దని అతనికి హుకుం వచ్చింది. ఆ హుకుం నాకు చదివి వినిపించి, ఆ తర్వాత టీ పోశాడు.

లైసెన్సు కార్యాలయానికి మళ్ళీ వెళ్ళాను. ఇరవై రెండున వస్తామన్నారు. ప్రారంభం అయిపోయిన రెండు రోజులకి.

నిన్నేమీ అడగను. కొన్ని అంకెలు రాస్తున్నాను, ఉంచుకో. ఆ లిఫ్టు మోసేది పదిమందిని. మీ అక్క అరవై ఎనిమిది కిలోలు, ఈ సంగతి నేను చెప్పానని ఆవిడతో అనకు. చక్రాల కుర్చీ పదహారు. నువ్వు ఎనభై దాటావు. పెద్దాయన, పెద్ద డాక్టరు, ఫోటోలవాళ్ళు, ఎలాగైనా ఇరుక్కునేవాళ్ళు ఇంకో ఐదుగురు. నిండిపోతుంది.

మీ అక్క వంతు మధ్యాహ్నం పన్నెండింటికని కార్డులో వేశారు. అప్పటిదాకా వచ్చిన చుట్టాలనీ పక్కాలనీ పొద్దున్నించీ తిప్పుతూనే ఉంటారు. ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెట్టు.

బావ


మా ఇల్లు, వంటింటి బల్ల
మార్చి 22

బావా,

లెక్కపెట్టాను.

పొద్దున ఎనిమిదిన్నర నించి లిఫ్టు తలుపు పక్కన నిలబడ్డాను. చేతిలో పూలగుత్తి, వచ్చినవాళ్ళకి నవ్వుతూ దారి చూపించడం నా పని. నవ్వుతూనే వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటున్నాను. పదహారు దాకా సూటిగా ఆగింది. నువ్వు అబద్ధాలకోరువని తేలిపోతోందని లోపల ఎంత సంతోషపడ్డానో. పదిహేడోసారి కిందికి దిగినప్పుడు ఒకావిడ గడప తట్టుకుని తూలింది. అందరూ నవ్వారు. నేను వంగి చూశాను. అంగుళం. పద్దెనిమిదోసారి నాలుగు వేళ్ళు. బావా, నా వేళ్ళు పెట్టి కొలిచాను.

పెద్దాయన చెవిలో చెప్పాను. "ఫోటోవాళ్ళు చూస్తున్నారు, కుర్చీ లోపలికి తొయ్యి" అన్నారు పళ్ళు బిగించి, నవ్వు చెదరకుండా. పెద్ద డాక్టరు అప్పటికే లోపలికి ఒక అడుగు వేశాడు. అక్క కుర్చీలో కూర్చుని నా మొహం వంక చూస్తోంది.

ఒప్పించే కళలో నాకు మార్కులు ఎక్కువ వచ్చాయని నీకు తెలుసుగా. ఆ హాల్లో నలుగురికి నచ్చేట్టు ఒక వాక్యం చెప్తే చాలు. ఆ వాక్యం వెతకలేదు. కుర్చీని మెట్ల వైపు తిప్పాను. వెనక పిడి పట్టుకుని ఎత్తాను. ముందు వైపు ఎవరో పట్టుకున్నారు, చూస్తే నీ వాచ్‌మన్. నేను పిలవలేదు.

రెండో అంతస్తు మలుపు దగ్గర నా నడుం పట్టేసింది. కుర్చీ దింపి ఊపిరి తీసుకుంటూ వెనక్కి చూశాను. పెద్ద డాక్టరు మెట్లెక్కి వస్తున్నాడు. ఆయన వెనక ఫోటోవాళ్ళు, వాళ్ళ వెనక మిగతావాళ్ళు. నన్నెవరూ ఏమీ అడగలేదు. లిఫ్టు పెట్టిన కంపెనీ మనిషే మెట్లెక్కుతుంటే ఇంక అడగడానికేముంది? డాక్టరు మాత్రం నా పక్కన ఆగి, "ఆ సంతకం పెట్టని మేస్త్రి ఎక్కడున్నాడు?" అన్నాడు. అలాంటివాడొకడు ఉంటాడని ఆయనకి ఎలా తెలిసిందో నాకు తెలీదు. గేటు దగ్గర గదిలో ఉన్నావని చెప్పాను. నిన్ను పిలిపించి మాట్లాడాడని తర్వాత విన్నాను.

రెయిలింగు మీంచి వంగి చూస్తే కింద లిఫ్టులో పెద్దాయన ఒక్కరే మిగిలారు, తలుపు మూసుకోకుండా చేత్తో పట్టుకుని. కాసేపటికి ఆయన కూడా బయటికొచ్చి, రెయిలింగు పట్టుకుని మెట్లెక్కారు బావా. ఒక్కరికైతే ఏమీ కాదని ఆయనకి చెప్దామనుకున్నాను. చెప్పలేదు.

ఐదో అంతస్తులో అక్కని అడిగాను, "బావ రాసింది చదివి కూడా ఎందుకొచ్చావక్కా?" అని. "నువ్వు నన్ను అందులోకి తోస్తావో లేదో చూద్దామని" అంది. ఆ తర్వాత కొంగుతో నా మొహం తుడిచింది. నేనక్కడే మెట్ల మీద కూర్చుని ఏడ్చాను.

ఇంకొకటి చెప్పాలి. మొదటి ఉత్తరం నీకు రాయడానికి వారం ముందే, నువ్వు సంతకానికి ఒప్పేసుకున్నావని పెద్దాయనకి చెప్పేశాను. మా బావ నా మాట కాదనడని గొప్పలు పోయాను. అందుకే నాకు మూడో అంతస్తులో ఆ గది ఇచ్చారు. ఆ తర్వాత నీకు రాసిన ప్రతి అక్షరమూ ఆ గది కోసమే. నిన్న ఆ గదిలోంచి నా సామాను అట్టపెట్టెలో పెట్టి ఇంటికి పంపించారు. పెట్టె అడుగున నీ ఎడమ బూటుంది.

నీ బావమరిది


కొత్త ఆసుపత్రి, మోటారు గది
మే 12

ఒరేయ్ బావమరిదీ,

నీ ఉత్తరానికి వెంటనే జవాబు రాయలేదని అలిగావని మీ అక్క చెప్పింది. పనిలో ఉన్నాను, అలిగినవాడికి జవాబు ఆగుతుందిగానీ నూనె ఆగదు.

ఇరవై రెండున లైసెన్సువాళ్ళు వచ్చారు. బస్తాలు వేయించారు. ఇరవై నాలుగోసారి మూరెడు జారింది. సీలు వేసి వెళ్ళారు, లిఫ్టు తలుపు మీద అంటించేది. రబ్బరుది కాదు. ఆ మర్నాడు కొత్త మేస్త్రి కోసం వెతికితే అతను ఊళ్ళో లేడట. నవ్వుతూ పెట్టినవాడు నవ్వుతూనే వెళ్ళుంటాడు. పెద్ద డాక్టరు నేనుంటే తప్ప ఆసుపత్రి తెరవనన్నాడట, అందుకని మీ పెద్దాయన నన్ను పిలిపించారు. కుర్చీ వేయించి, "గారు" అన్నారు. మీ ఆఫీసులో అందరికీ ఒకే పాఠం చెప్పినట్టున్నారు.

వాళ్ళ కోసం కాదుగానీ మంచాలు ఖాళీగా ఉన్నాయని ఒప్పుకున్నాను. కొత్త సీలు వేశాను, పట్టీలు మార్చాను. నిండా బస్తాలతో అరవైసార్లు తిప్పాను. వెంట్రుకంత కూడా జారలేదు. నిన్న సంతకం పెట్టి, పై అంతస్తు నించి బరువంతా వేసుకుని ఒక్కడినే దిగాను. కింద గదులు తుడిచే ఆవిడ నిలబడి ఉంది. "ఇప్పుడు?" అంది. "దిగమ్మా" అన్నాను. సాయంత్రం పదిమందీ కబుర్లు చెప్పుకుంటూ దిగిపోయారు.

మొదటి నించీ నువ్వు అబద్ధమాడుతున్నావని నాకు తెలుసురా. ఏ సంబంధమూ లేకుండా ఎవడైనా తోలు బూట్లు పంపిస్తాడా? నీకు తిట్లు చాలా దాచిపెట్టాను. కానీ నువ్వు జన్మంతా మాట్లాడి ఒక్కణ్ణి ఒప్పించలేకపోయావు, ఆ రోజు నోరు మూసుకుని హాలుకి హాలునే మెట్లెక్కించావు. వాచ్‌మన్ ఆ సంగతి రోజుకి నాలుగుసార్లు చెప్తున్నాడు, చెప్పిన ప్రతిసారీ నువ్వు మోసిన బరువు పెంచుతున్నాడు. నేనూ రోజూ వింటున్నాను. అందుకని తిట్లు వాయిదా వేశాను.

ఇక్కడ ఆసుపత్రికి వచ్చేవాళ్ళకి దారి చూపించి, ఏ గదికెళ్ళాలో, ఏ కాగితం తేవాలో ఉన్నదున్నట్టు చెప్పే మనిషి కావాలంటున్నారు. జీతం తక్కువ. "గారు" అనక్కర్లేదు. నిన్ను రమ్మని నేను నచ్చజెప్పను.

ఆదివారం మీ అక్కని తీసుకురా, సోమవారం ఆవిడ ఆపరేషను. ఎడమ బూటు కూడా తీసుకురా, కుడిదాని మీద దుమ్ము పేరుకుపోయింది. నేను పైన మోటారు గదిలో ఉంటాను. కింద లిఫ్టు తలుపు తెరిచే ఉంటుంది, పక్కనే మెట్లూ ఉంటాయి. ఎలా రమ్మనీ చెప్పను. మోటారు మీద చెయ్యి వేసుకుని కూర్చుంటాను, అది తిరిగితే నాకు తెలుస్తుంది.

బావ